మూరెడు సందు

టెక్కలిలో మా కొత్త ఇంటి పునాదులకు ముగ్గు పోసిన రోజున మేస్త్రీ నా చేతికి నూలుతాడు అందించి, "ఈ కొస మీరట్టుకోండి బాబూ, మొదటి తాడు ఇంటాయన సేత్తోనే పడాల" అన్నాడు. రోడ్లూ కల్వర్టులూ కట్టించే ఓవర్సీరుకు తాడు పట్టడం కొత్త కాదని అతనికి తెలుసు. నేను తీసుకోలేదు. పెట్టెలోంచి టేపు, రసమట్టం, తూకపు గుండు, ఎనిమిది కొయ్యమేకులు తీసి అతని ముందు పెట్టి, కొలతల కాగితం కూడా ఇచ్చి, నువ్వే వేయించమని చెప్పి దూరంగా వెళ్ళి నిలబడ్డాను. పక్క జాగా కోర్టు గుమాస్తాగారిది. ఆయన అప్పటికే గొడుగు వేసుకుని వచ్చి ఉన్నారు. ఇంకా ఒకరి పేరు ఒకరం చెప్పుకోకముందే "మీరెంత వదులుతున్నారండీ?" అని అడిగారు. మూడడుగులు అన్నాను. "అయితే నేనూ మూడే వదులుతాను. ఎక్కడిదక్కడ తేలిపోతే రేపు మాటలుండవు కదా" అన్నారు తృప్తిగా. నిజమే, ఆరడుగుల దూరాన ఉన్న ఇళ్ళ మధ్య మాటలుండవు. ఆ సాయంత్రం మా ఆవిడ, తాడు ఎందుకు పట్టుకోలేదని అడిగితే నడుం పట్టేసిందని చెప్పాను. అసలు సంగతి ఇది.

మా ఊరు పూండి స్టేషనులో దిగి సముద్రం వైపు రెండు గంటలు నడిస్తే వస్తుంది. ఉద్దానంలో ఊళ్ళన్నీ ఇసుక మీదే ఉంటాయి. మా వీధిలో ఏడిళ్ళు, ఏడింటికీ కలిపి ఒకటే తాటాకు కొప్పు. పట్నం వాళ్ళకు ఈ మాట విప్పి చెప్పాలి. ఒక ఇంటికీ పక్క ఇంటికీ మధ్య గోడ ఒకటే. ఆ గోడ మీదికి ఇటునుంచి మా దూలం, అటునుంచి వాళ్ళ దూలం వచ్చి ఆనుకుంటాయి. తాటాకు ఎక్కడా తెగకుండా మొదటి ఇంటి నుంచి ఏడో ఇంటి దాకా పోతుంది. అరుగు కూడా అంతే. ఆ కొసన ఎక్కితే కింద కాలు పెట్టకుండా ఈ కొసన దిగవచ్చు. మాది నాలుగో ఇల్లు, దాలయ్య మావది ఐదోది. మావ అన్నది పిలుపే, చుట్టరికం ఏమీ లేదు. మా నాన్నను ఆయన బావా అనేవాడు, అమ్మను అప్పా అనేవాడు. అంచేత నేను ఆయనకు అల్లుణ్ణి, ఆయన భార్య అప్పలమ్మ నాకు అత్త.

ఆ వీధి నాకు మొదట వాసనగానే గుర్తొస్తుంది. గోతుల్లో నానేసిన కొబ్బరి డొక్కల కుళ్ళు వాసన, దాని మీద పులిసిన చోడి అంబలి వాసన, ఆ రెండింటి మీదా డొక్కల పొగ. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేకపోతే ఎవరింట్లోనో పొయ్యి వెలగలేదని అర్థం. దాలయ్య మావ కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేవాడు. ఎండ ఎక్కకముందే పని మొదలు. అత్త తమ గుమ్మం ముందు నిలబడి తాడు కొస పట్టుకునేది. మావ పీచు కలుపుకుంటూ, పురి తిప్పుకుంటూ వీధి చివరి దాకా వెనక్కి నడిచేవాడు. తాడు పొడుగయ్యేకొద్దీ ఇద్దరి గొంతులూ పెద్దవయ్యేవి. అత్త ఈ కొస నుంచి "ఇంకెంత దూరం ఎల్తావు? నీ యెనకమాల సముద్రం ఉంది, సూసుకో" అని అరిచేది. ఆయన అటునుంచి "నువ్వు కొస ఒగ్గీకు, నానెక్కడికెల్లినా వచ్చేత్తాను" అనేవాడు. రోజూ అదే మాట, రోజూ వీధంతా నవ్వేది.

మా వంటింటికీ వాళ్ళ వంటింటికీ మధ్య గోడలో జానెడు చదరపు కన్నం ఒకటి ఉండేది. దాన్ని నిప్పుగూడు అనేవారు. అగ్గిపెట్టెలు అప్పటికే వచ్చినా, పక్కింట్లో నిప్పుండగా పుల్ల గీయడం మర్యాద కాదు. తెల్లారి అమ్మ కొబ్బరి చిప్ప ఆ గూట్లో పెడితే, అటునుంచి కణికలతో తిరిగొచ్చేది. కొన్నాళ్ళు వాళ్ళ చిప్ప ఇటు వచ్చేది. ఆ గూట్లోంచి దాటగా నేను చూసినవి: నిప్పు, ఉప్పు, ఎండుచేపల పులుసు, పనస తొనలు, జ్వరానికి కషాయం, కళ్ళు తెరవని పిల్లికూన ఒకటి, లెక్కలేనన్ని కబుర్లు. దెబ్బలాటలు కూడా అందులోంచే జరిగేవి. కానీ ఎంత దెబ్బలాడినా చిప్ప మాత్రం ఆగేది కాదు. నిప్పు ఆగిందంటే ఆ ఇళ్ళ మధ్య తాడు పడినట్టు. తాడు పడడమంటే మా వీధిలో అన్నదమ్ములు విడిపోవడం. పంపకాల రోజున పెద్దమనుషులు ఇంటి నడిమధ్య తాడు లాగి, ఇది నీది, అది వాడిది అని చెప్పేవారు. ఆ తరవాత ఆ రెండు పొయ్యిల మధ్య నిప్పూ నీళ్ళూ ఉండకూడదు. ఈ మాటలు నాకు తెలియనివి కావు. కానీ పదేళ్ళ వయసు నుంచీ టెక్కలిలోనూ తరవాత పట్నంలోనూ హాస్టళ్ళలో ఉండి చదువుకున్నవాడికి అవి సామెతల్లాగా తెలుసు, అంతే.

ఓవర్సీరు చదువు రెండో ఏడు ముగించి సెలవులకు వచ్చేసరికి మా వీధి లేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం రెండో ఇంట్లో నిప్పురవ్వ లేచి, అన్నం ఉడికేంతసేపట్లో ఏడిళ్ళూ కాలిపోయాయి. మనుషులందరూ తోటల్లో ఉండడంతో ప్రాణాలు దక్కాయి. మాకు మిగిలినవి రెండు ఇత్తడి బిందెలు, అందులో ఒకటి వంగిపోయింది, రుబ్బురోలు, గునపం, సగం కాలిన గుమ్మం, నాన్న భుజాన ఉన్న తువ్వాలు. గోడల్లో చాలావరకు విరిగి పడ్డాయి. మాకూ మావకూ మధ్య గోడ మాత్రం మంటకు కాలి ఇటుకలాగా ఎర్రబడి నిలబడింది. నిప్పుగూడు కూడా చెక్కుచెదరలేదు. మంటలు ఆరిన మర్నాడు అత్త అందులోంచి తొంగిచూసి, "ఒదినా, నిప్పేటైనా కావాలేటి?" అని అడిగిందట. ఏడుస్తున్న అమ్మ నవ్వేసిందట.

వానలు పడేలోగా కొప్పు ఎక్కాలి. అది ఒక్కటే అందరి ఆలోచన. ఇసుకతో గోడ నిలవదు, బంకమట్టి కావాలి. బంకమట్టి ఉన్నది దాలయ్య మావ పల్లపు చేలో. ఆయన ఎవరూ అడగకముందే గట్టు తెగ్గొట్టి బండ్లకు దారి ఇచ్చాడు. ఏడిళ్ళ వాళ్ళూ కలిసి ఒక్కొక్క ఇంటి మట్టీ తొక్కేవారు. రోజుకు ఒక్క వరస, మోకాలెత్తు. అది ఆరితేనే దాని మీద ఇంకో వరస. మావ మట్టి తొక్కుతూ నా పాదాలు చూసి, "ఓలప్పా, బూట్లలో పెరిగిన కాళ్ళు, తెల్లగా ముల్లంగి దుంపల్లాగున్నాయి" అని అందరికీ చూపించేవాడు. మా దూలాలు కట్టుకోవడానికి కొత్తతాడు పెద్ద చుట్ట ఒకటి తానే పేని తెచ్చి మా అరుగు మీద పడేశాడు.

నాకు ఆ రోజుల్లో చూసినదల్లా కాగితం మీద గీయాలనే పిచ్చి ఉండేది. మా కొత్త ఇంటికి పటం గీయడానికి కరణంగారి దగ్గర జాగా కాగితం నకలు రాసుకొచ్చి, టేపుతో నేల కొలిచాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటే తేలింది. ఆ ఎర్రగోడ మా హద్దు మీద లేదు. మా జాగా గోడకు అవతల ఇంకో మూరెడు, మావ వంటింట్లోకి వెళ్ళింది. తాటాకు చీలుస్తున్న నాన్నకు చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"ఉంటే ఉండనీరా. మా తాతలు తొక్కిన గోడ అది."

"కాగితం ప్రకారం..."

"మన సామానుతో పాటు ఆ కాయితం కూడా కాలిపోయిందనుకో."

"అది కాదు నాన్నా, ఏడిళ్ళూ అతుక్కుని ఉండబట్టే కదా అన్నీ కాలాయి. విడివిడిగా కట్టుకోవాలని మా పుస్తకాల్లో ఉంది."

"మీ పుస్తకాలు రాసినోడికి పక్కిల్లు ఉందో నేదో కనుక్కో" అని ఆయన మళ్ళీ తాటాకు పనిలో పడ్డారు.

నేను ఆ మూరెడు నేలను కోరలేదు. ఈ మాట నా కోసం కాదు, నిజం గనక రాస్తున్నాను. కాగితమూ నేలా ఒకదానితో ఒకటి సరిపోవాలి, అది చూసుకుని మళ్ళీ తీసేయవచ్చు, అంతే నా ఉద్దేశం. మర్నాడు పొద్దున్న హద్దు మూలల్లో మేకులు కొట్టాను. వీధి వైపు నుంచి పెరటి దాకా తాడు కట్టాలి. నా నూలుతాడు పొడుగు చాలలేదు. అరుగు మీద కొత్తతాడు చుట్ట కనిపించింది. దాన్ని విప్పి, మావ అరుగు మీంచి, అత్త మూడు రాళ్ళు పెట్టి వెలిగించుకున్న పొయ్యి పక్కనుంచి, పెరటి మేకు దాకా బిగించి కట్టాను. తాడు తిన్నగా వచ్చింది. దాన్ని చూసి సంతోషపడ్డాను కూడా.

అత్త అన్నం కుండ దించబోతూ ఆగిపోయింది. అప్పుడే తట్టతో మట్టి మోసుకుంటూ మావ వచ్చాడు. మా గోడ ఆఖరి వరసకు తెస్తున్న మట్టి అది. తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. తట్ట నెత్తిన ఉండగానే అడిగాడు.

"ఏటిది అల్లుడా?"

"ఏం లేదు మావా, హద్దు సూత్తన్నాను. మన గోడ మూరెడు ఇటు జరిగుంది."

"ఎటు?"

"మా వైపు. అంటే, మీ ఇంట్లో మూరెడు..."

ఆయన తట్ట దించి, వంగి తాడును వేళ్ళతో పట్టుకుని చూశాడు. పీచు తనదే, పురి తనదే.

"నా తాడుతోనే నాకు తాడేసినావా? బాగుందిరా. శానా సదివినావు."

మా నాన్న పరుగున వచ్చి మేకులు పీకి పారేశారు. "గుంటడు బావా, ఆడికేటి తెలుసు, ఒగ్గీ" అన్నారు. మావ కోపంగా ఏమీ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "గుంటడు కాడు బావా, ఇంజినీరు. మూరంటే మూరే. నాది కానిది నాకొద్దు" అని, మట్టి తట్టను మా గోడ దగ్గర బోర్లించి, ఖాళీ తట్టతో వెళ్ళిపోయాడు. ఆ మట్టితోనే మా ఆఖరి వరస పూర్తయింది.

తరవాత జరిగినవి ఇవి. మావ తన దూలాన్ని ఎర్రగోడ మీద మోపనన్నాడు. నేను తాడు కట్టిన గీతకు అవతల, తన వైపు కొత్తగోడ ఎత్తడం మొదలుపెట్టాడు. నాన్న ఎర్రగోడ దాటి అంగుళం కూడా జరగనన్నారు. ఆ మూరెడు నేల మాది కాబట్టి మావ ముట్టుకోడు, మావది కాబట్టి నాన్న ముట్టుకోరు. రెండు గోడల మధ్య ఎవరిదీ కాని సందు మిగిలింది. నాన్న ఒకరోజు పెందరాళే వెళ్ళి మావ గోడకు మట్టి తొక్కడానికి దిగారు. మావ పని ఆపించి, ఆయన కాళ్ళు కడుక్కుని వెళ్ళేదాకా చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఈలోగా వానలు దగ్గరపడ్డాయి. కొత్తగోడ వరస ఆరకుండానే పై వరస పడింది. మా కొప్పూ ఆయన కొప్పూ సందు దగ్గర తెగిపోయాయి. ఇటు చూరు నీళ్ళు, అటు చూరు నీళ్ళు అందులోనే పడి నిలిచేవి. నేను ఇంకా సెలవుల్లో ఉండగానే ఒక వానరోజున అత్త తన పెరట్లోంచి నన్ను పిలిచి, "అల్లుడా, ఆ సందు ఎవలదిరా? కప్పలదా? మీ కాయితంలో ఆటి పేరుందేటి సూడు" అంది. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ నాతో ఆడిన ఆఖరి హాస్యం అదే.

నిప్పుగూటికి అమ్మ మట్టి పెట్టలేదు. అందులోంచి చూస్తే చీకటి సందూ, కొత్తగోడ వీపూ కనిపించేవి. అమ్మ కొన్నాళ్ళు అలవాటుకొద్దీ తెల్లారి చిప్ప అందులో పెట్టి, మళ్ళీ తీసుకునేది. తరవాత నాన్న సంత నుంచి అగ్గిపెట్టె తెచ్చారు. అది తడి రోజుల్లో నాలుగు పుల్లలకు గానీ వెలిగేది కాదు. అమ్మ ఒక్కొక్క పుల్లా గీస్తుంటే పక్కగదిలో నేను లెక్కపెట్టేవాణ్ణి.

ఇంకో రెండేళ్ళకు నాకు పలాస దగ్గర పని దొరికింది. ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. తెల్లవారి మొదలై మధ్యాహ్నానికి తగ్గింది. రైళ్ళు ఆగిపోయాయి. మూడో రోజున పట్టాల వెంట పూండి దాకా, అక్కణ్ణుంచి పడిపోయిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ ఊరికి నడిచి వెళ్ళాను. వీధి మొదట్లోనే నిలబడి ఒక్కొక్క ఇల్లూ లెక్క చూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు ఇళ్ళ మీద తాటాకు చెదిరింది గానీ కొప్పు ఉంది. ఆరు, ఏడు కూడా అంతే. మాది సందు వైపు సగం లేచిపోయింది. మావ ఇంటికి కొప్పే లేదు. రెండేళ్ళుగా చూరు నీళ్ళలో నానిన కొత్తగోడ లోపలికి పడింది. గాలి ఉద్ధృతంగా ఉన్నప్పుడు అత్త ఆ గోడ పక్కనే పొయ్యి మీద బుట్ట బోర్లించి నిప్పు కాపాడుకుంటోందట. గోడ ఆవిడ నడుం మీద పడింది.

నేను వెళ్ళేసరికి ఆవిడను ఆరో ఇంటి అరుగు మీద నులకమంచంలో పడుకోబెట్టారు. అమ్మ చిప్పలో నిప్పు కణికలు పెట్టుకుని, వాళ్ళు ఎక్కడ వండుకుంటున్నారో చూసి, అక్కడికి తీసుకెళ్ళింది. మావ అడ్డంగా నిలబడి నేల చూపులు చూస్తూ, "తాడు పడినోలం అప్పా" అన్నాడు. మంచం మీంచి అత్త అంది: "తాడేటి, తాడు. గాలికెగిరిపోనాది. తే ఒదినా, ఇలగ తే." మావ పక్కకు జరిగాడు. అప్పటి నుంచీ అమ్మ రోజూ ఆ మంచం దగ్గరే ఉండేది. ఇద్దరూ మధ్యలో నిప్పుగూడు లేకుండా ఎదురెదురుగా మాట్లాడుకోవడం నేను చూడడం అదే మొదలు. అత్త కాళ్ళలో స్పర్శ తిరిగి రాలేదు. పుష్యం వెళ్ళకముందే అత్త పోయింది.

ఆ తరవాత ఎన్నోసార్లు కాగితం మీద ఆ వీధిని గీశాను. ఏడిళ్ళ కొప్పు ఒకటిగా ఉన్నప్పుడు సముద్రపు గాలి దాని మీంచి జారిపోతుంది. గోడకు గోడ దన్ను, దూలానికి దూలం దన్ను. మధ్యలో తెగితే గాలికి దూరడానికి నోరు దొరుకుతుంది. తాటాకును కింద నుంచి పట్టి లేపుతుంది. విడివిడిగా కడితే మంట పాకదన్న మాట పుస్తకంలో నిజంగానే ఉంది. కానీ మూరెడు సందు మంటను ఆపదు. గాలిని మాత్రం పిలుస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మా వీధి తాతలకు తెలుసేమో, వాళ్ళకు గీయడం రాదు. నాకు గీయడం వచ్చింది, అందుకని అడగలేదు.

నాన్న పోయాక అమ్మ టెక్కలిలో మా దగ్గరే ఉంటోంది. మేస్త్రీ తాడు అందించిన వారానికి, ఆ సగం కాలిన గుమ్మం కొత్త ఇంటికి పనికొస్తుందేమో చూస్తానని నెపం చెప్పి ఊరికి వెళ్ళాను. గుమ్మం చెదలు తినేసింది. టేపు తీసి సందు కొలిచాను. మావ పడిపోయిన గోడను మళ్ళీ ఆ గీత మీదే కట్టుకున్నాడు. వీధి వైపు మూర. మధ్యలో మూర. పెరటి వైపు అంగుళం తక్కువ, అది గోడ ఉబ్బడం వల్ల. లోపల నత్తగుల్లలు, కుళ్ళిన డొక్కలు, కుండపెంకు. ఎర్రగోడలో నిప్పుగూడు అలాగే తెరుచుకుని ఉంది. నా కొలత తప్పలేదు. కనీసం అది తప్పై ఉంటే క్షమించమని అడగడానికి ఒక వీలుండేది.

బయటికి వచ్చేసరికి అరుగు మీద దాలయ్య మావ పీచు ముందేసుకుని కూర్చున్నాడు. బాగా వంగిపోయాడు.

"కొలిసినావా అల్లుడా?"

"కొలిసాను మావా."

"ఏటి, ఎదిగిందా?"

"అంతే ఉంది."

"అంతే ఉంటాది మరి. నీ లెక్క తప్పదు గదా."

ఆయన కాసేపు పీచు విడదీసి, తాడు కొస నా వైపు చాపాడు. "ఇదట్టుకో. రాటకు కట్టి పేనితే పురి సరిగ్గా పడ్డం నేదు" అన్నాడు. టేపు జేబులో పెట్టి కొస పట్టుకున్నాను. అత్త నిలబడే చోట, ఆ గుమ్మం ముందే నిలబడ్డాను. ఆయన పురి తిప్పుకుంటూ వెనక్కి నడవసాగాడు. ఒకప్పటిలా వీధి చివరి దాకా పోలేక ఆరో ఇల్లు దాటి ఆగాడు. తాడు మా ఇద్దరి మధ్యా బిగిసింది.

"మీ అమ్మ నిప్పెలగ రాజేత్తంది అక్కడ?" అని అటునుంచి గట్టిగా అడిగాడు.

"అగ్గిపెట్టితో మావా."

ఆయన తల ఊపి, మళ్ళీ పురి తిప్పసాగాడు.